గంజి పెట్టిన పువ్వులు

నరసాపురంలో నాకొక ఫ్లెక్సీ షాపు ఉంది. పుట్టినరోజుకీ, పెళ్ళికీ, పెద్దకర్మకీ మిషను ఒకటే, రంగులే మారతాయి. ఊళ్ళో ఎవరు ఎంత పెద్దవాళ్ళవుతున్నారో వాళ్ళు వేయించే ఫ్లెక్సీ కొలతను బట్టి నాకు తెలిసిపోతుంది. ఆ లెక్కన మురళీకృష్ణ నాలుగేళ్ళలో మూడడుగుల నుంచి నలభై అడుగులకు ఎదిగాడు. అతని కంపెనీ మా మేడ మీదే అద్దెకుంది కాబట్టి ఆ ఎదుగుదల అంతా నా నెత్తిమీదే జరిగింది.

మురళీకృష్ణ కొత్తవాడేం కాదు. రేవులో గోదావరి దాటే పంటు ఎక్కేవాళ్ళకు టిక్కెట్లు కొట్టే త్రిమూర్తులు గారబ్బాయి. భీమవరంలో నాలుగేళ్ళ ఇంజనీరింగు ఐదేళ్ళు చదివాడు. హైదరాబాదులో మూడేళ్ళు ఉద్యోగం చేశాడు. కరోనా రోజుల్లో లాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, వాళ్ళ మేడ మీద గదిలో కూర్చుని ఎవరితోనో "యస్, యస్" అంటూ గడిపాడు. కింద అరుగు మీద వాళ్ళమ్మ అచ్చాయమ్మ గారు లేసు అల్లుతూ ఉండేవారు. మా వైపు ఆడవాళ్ళకు లేసు సూది వేలికి మొలిచినట్టే ఉంటుంది. అన్నం ఉడికేలోపు నాలుగు వరసలు, బస్సొచ్చేలోపు రెండు వరసలు. ఇంతింత పువ్వులు అల్లి ఏజెంటుకిస్తే, వాటిని ఇంకెవరో అతికి దుప్పటి చేస్తారు. ఆ దుప్పటి ఏ దేశంలోనో ఎవరి మంచం మీదో పరుచుకుంటుంది. అల్లినవాళ్ళు ఆ మంచాన్ని ఎప్పటికీ చూడరు.

ఒకరోజు మురళీకృష్ణ మేడ దిగొచ్చి వాళ్ళమ్మ చేతిలోని పువ్వును అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ అదే అల్లుతున్నారు, అతను ఆ అరుగు మీదే పాకి పెరిగాడు. కానీ హైదరాబాదు వెళ్ళొచ్చినవాడికి ఇంట్లో చెంబు కూడా కొత్తగానే కనిపిస్తుంది.

"అమ్మా, ఇందులో చాలా ఉంది" అన్నాడు.

"ఇందులో నా కళ్ళజోడు తప్ప ఏం లేదురా" అన్నారావిడ.

అలా పుట్టింది కంపెనీ. పేరు లేసిఫై. ఆ పేరు నేను మూడడుగుల ఫ్లెక్సీ మీద వేసినప్పుడు, ఇదేదో కడుపునొప్పి మాత్రలా ఉందని మా మిషను కుర్రాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాను, మురళీకృష్ణ వెళ్ళాక. అతను ఎదురుగా ఉన్నంతసేపూ "పేరు అదిరిందండీ" అన్నాను. మా గోదావరి వాళ్ళం అంతే. ఎదుటివాడి మొహం చిన్నబోయే మాట నోట్లోంచి రాదు. మర్యాద అంటాం దాన్ని. ఈ కథలో జరిగిన నష్టంలో సగం ఆ మర్యాద చేసిందే.

మొదటి ఏడాది అతను చేసిన పని చూస్తే ముచ్చటేసేది. బైకు వెనక సంచిలో దారం ఉండలు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ఏజెంటు పదిరోజులు తిప్పుకునేచోట ఇతను పువ్వులు చేతిలో పడగానే ఫోన్లో డబ్బు వేసేసేవాడు. ప్రతి అరుగు మీదా కూర్చునేవాడు, పెట్టింది తినేవాడు. ఆడవాళ్ళు అతన్ని దారం బాబు అనేవారు. ఆ రోజుల్లో అతనంటే నాకు నిజంగా ఇష్టం. సాయంత్రం షాపు ముందు ఆగి, "అప్పాజీ గారూ, ఇవాళ అరవై పువ్వులండీ" అని చెప్పేటప్పుడు అతని కళ్ళలో వెలుగు చూసి నేనూ సంతోషించేవాణ్ణి.

అప్పుడు కంపెనీలో ఇద్దరే ఉండేవారు. ఒకరు మురళీకృష్ణ, ఇంకొకరు లోవలక్ష్మి. ఆవిడది రుస్తుంబాద. యాభై దాటిన మనిషి, భర్త లేడు, కూతురికి పెళ్ళయింది. ఆవిడ చేసేది అతుకుపని, అంటే పువ్వుల్ని కలిపి దుప్పటి చేయడం. వినడానికి అదేముందిలే అనిపిస్తుంది. కానీ అల్లే ప్రతి చెయ్యీ ఒకలా ఉండదు. కొందరు దారం బిగించి లాగుతారు, వాళ్ళ పువ్వు గట్టిగా, కాస్త చిన్నగా వస్తుంది. కొందరిది వదులు చెయ్యి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి అతికితే అప్పటికి బాగానే ఉంటుంది, ఉతికాక దుప్పటి ముడుచుకుపోతుంది. అందుకని లోవలక్ష్మి ముందు పువ్వుల్ని ఏరేది. మా మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెబుతూ, చేతివైపు చూడకుండానే ఒక్కో పువ్వునూ బొటనవేలుతో ఒకసారి రుద్ది మూడు కుప్పలు వేసేది. బిగువు, వదులు, నడిమి. ఒక దుప్పటికి ఒక కుప్పలోవే వాడేది. కుప్పలో పువ్వులు తక్కువైతే దుప్పటి ఆగేది తప్ప పక్క కుప్పలోంచి ఒక్కటి కూడా తీసేది కాదు. ఒక్కో దుప్పటికి ఐదువందల పైచిలుకు పువ్వులు. పువ్వుకు కట్టిన చీటీ మీద అల్లినవాళ్ళ పేరు చూడకుండానే, "ఇది మొగల్తూరు సుబ్బలక్ష్మిదండి, దీనికి కోపమొచ్చినప్పుడు ఇంకా బిగించేత్తాది" అనేది.

అలా ఒక ఏడాది గడిచింది. ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఇద్దరు పెట్టుబడివాళ్ళు కారులో వచ్చి, మా ఊరి కాజాలు తిని, కంపెనీలో డబ్బు పెట్టి వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నారు. నీ వ్యాపారం బాగుంది, నువ్వు మాత్రం లీడరుగా ఎదగాలి అని. అంతే, మా మేడ మీద ఎదుగుదల మొదలైంది.

మురళీకృష్ణను ఎదిగించే పని విజయ్ పాల్ గారు తీసుకున్నారు. ఆయన రాజమండ్రి నుంచి వారానికోసారి వచ్చే లీడర్‌షిప్ కోచ్. నున్నటి బూట్లు, గుండె దాకా జారిన బ్యాడ్జీ. ఆయన ఏ కంపెనీ నడిపారో ఎవరికీ తెలియదు, అడిగితే బాగోదని ఎవరూ అడగలేదు. ఆయన మొదటి రోజే చెప్పిన మాట నేనే ఫ్లెక్సీ వేశాను, ఆరడుగులు బై మూడు: "నువ్వు చేత్తో ముట్టుకున్న ప్రతి పనీ నీ ఎదుగుదలకు అడ్డు." మర్నాటి నుంచి మురళీకృష్ణ బైకు మా షెడ్డులో దుమ్ము పట్టింది.

ఆ తర్వాత జరిగినవన్నీ చెబితే మీరు నమ్మరు. పొద్దున్నే, కొత్తగా చేరినవాళ్ళతో సహా, అందరూ నిలబడి మీటింగు పెట్టుకోవాలన్నారు. నిలబడితే మాటలు త్వరగా తెములుతాయట. లోవలక్ష్మికి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ కూర్చునేది. ఆవిడ కూర్చుంది కదా అని మర్యాదకు మిగతావాళ్ళూ కూర్చునేవారు. వాళ్ళు కూర్చున్నాక టీ రాకపోతే బాగోదు కదా అని టీ వచ్చేది. మీటింగు గంటన్నర పట్టేది. లీడరు గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలన్నారు. మురళీకృష్ణ ఏకంగా తలుపు ఊడబీకించాడు. ఏసీ చల్లదనమంతా మా మెట్ల మీదికి వచ్చేది, మధ్యాహ్నం పూట వీధిలో కుక్కలన్నీ వచ్చి అక్కడ పడుకునేవి. నెల తిరిగేసరికి అద్దం తలుపు పెట్టించాడు.

అన్నిటికంటే గొప్పది అభిప్రాయాల పెట్టె. లీడరులో లోపాలేంటో ఎవరైనా పేరు రాయకుండా చీటీ వేయొచ్చు. విజయ్ పాల్ గారు స్వయంగా పెట్టె తెరిచారు. మా వాళ్ళు పేరు రాయకుండా ఉత్తరం ఎలా రాస్తారు? ప్రతి చీటీ కిందా సంతకం, ఇంటిపేరు, కొన్నిటి మీద పిన్‌కోడ్ కూడా ఉంది. "సార్ మీరు చాలా మంచివారండి. కొంచెం చిక్కారు. వేళకు భోజనం చెయ్యండి. ఇట్లు తమ విధేయురాలు" అని ఒకరు. "మీ నాయకత్వంలో లోపమేమీ లేదండి, ఫ్యాను మాత్రం శబ్దం చేస్తున్నదండి" అని ఇంకొకరు. విజయ్ పాల్ గారు అవన్నీ కూడి, మీ కంపెనీ సంస్కృతికి నూటికి తొంభై ఎనిమిది మార్కులన్నారు. ఆ తొంభై ఎనిమిదికి ఇరవై అడుగుల ఫ్లెక్సీ పడింది. ఫ్యాను బాగు చేయించారా అంటే, లేదు.

ఈలోగా యాప్ వచ్చింది. అల్లేవాళ్ళు మూడొందల మంది నుంచి పదకొండొందల మంది అయ్యారు. ఎవరికి దారం ఇవ్వాలో యాపే చెబుతుంది. పువ్వు అల్లినవాళ్ళు ఫోటో తీసి పెడితే అది నాలుగంగుళాలు ఉందో లేదో యాపే కొలుస్తుంది. ఉంటే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు వస్తే డబ్బు రాదు. ఈ గుర్తులన్నీ కలిపి మురళీకృష్ణ గదిలో గోడంత టీవీలో కనిపించేవి. దాన్ని డ్యాష్‌బోర్డు అనేవాడు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టి, తర్వాత దాని ముందు నిలబడేవాడు.

ఆ డ్యాష్‌బోర్డులో ఒకే ఒక్కచోట ఎప్పుడూ ఎర్రగా ఉండేది. పువ్వులు ఆఫీసుకు వచ్చినచోటికీ, అతుకు మొదలయ్యేచోటికీ మధ్య ఆరు రోజులు ఆగిపోతున్నాయి. ఆ ఆరు రోజులూ లోవలక్ష్మి ఏరుతోంది. ఏరడం అనే పనికి యాప్‌లో గడి లేదు. గడి లేదు కాబట్టి పనీ లేదన్నారు విజయ్ పాల్ గారు. పువ్వులన్నీ నాలుగంగుళాలే అయినప్పుడు ఏరడమెందుకు? పైగా కంపెనీ అంతా ఒక మనిషి బొటనవేలు మీద ఆధారపడటం లీడరు బలహీనత అన్నారు. ఏరుడు తీసేశారు. అతుకుపని నలభై మందికి పంచారు. లోవలక్ష్మికి సన్మానం చేశారు.

ఆ సన్మానం ఫ్లెక్సీ కూడా నేనే వేశాను. ఆవిడ ఫోటో మధ్యలో పెట్టి, చుట్టూ పూలు వేసి, "మా తొలి అడుగుకు వందనం" అని. ఆవిడ మెట్లెక్కుతూ దాన్ని చూసి బిత్తరపోయింది.

"అయ్ బాబోయ్, ఫోటో ఎట్టేశారేంటండీ అప్పాజీ గారూ, పోయినోళ్ళకి ఎట్టినట్టు?"

"అబ్బే, బాగుందండీ" అన్నాను నేను.

శాలువా కప్పి, ఇక మీరు విశ్రాంతి తీసుకోండి పిన్నిగారూ అన్నాడు మురళీకృష్ణ. ఇంట్లో కూర్చుని తినే స్థితి ఆవిడకు లేదని అతనికి తెలియదా? తెలుసు. ఒకప్పుడు ఆవిడ వంటింట్లో కూర్చుని చద్దన్నం తిన్నవాడే. కానీ ఎదుగుతున్నాడు కదా, కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆవిడ "ఆయ్, అలాగేనండి బాబూ" అని శాలువా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను ఆవిడ వెనకే మెట్లు దిగాను. ఏరకపోతే దుప్పటి ముడుచుకుంటుందని ఆవిడ నోటనే నేను వందసార్లు విన్నాను. పైకెళ్ళి ఆ ఒక్క ముక్క చెప్పొచ్చు. పైవాళ్ళ ఫ్లెక్సీ ఆర్డర్లన్నీ నా చేతిలో ఉండగా చెప్పబుద్ధి కాలేదు. ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

లోవలక్ష్మి వారం తిరక్కుండానే రొయ్యల షెడ్డులో చేరిందని విన్నాను. మా చుట్టుపక్కల ఊళ్ళకు తెల్లారేసరికి షెడ్డు బస్సులు వస్తాయి. ఆడవాళ్ళని ఎక్కించుకుపోతాయి. రోజంతా నిలబడి, ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసి, పొట్టు వలవాలి. ఎంత వలిస్తే అంత కూలి. లేసు పని దొరకని ఆడవాళ్ళకు మిగిలేది ఆ బస్సే. మురళీకృష్ణ మొదట్లో ఆ మాటే అనేవాడు, ఈ ఆడవాళ్ళెవరూ ఆ బస్సు ఎక్కక్కర్లేకుండా చేస్తానండి అని.

ఆ తర్వాత వచ్చింది పెద్ద ఆర్డరు. ఢిల్లీలో ఒక హోటళ్ళ కంపెనీకి అరవై దుప్పట్లు, నచ్చితే ఏటా ఆరొందలు. మురళీకృష్ణకు రాజమండ్రిలో యువ నాయకుడని ఒక అవార్డు కూడా వచ్చింది. నలభై అడుగుల ఫ్లెక్సీ అప్పటిదే. చేతులు కట్టుకుని, గడ్డం కాస్త ఎత్తి, దూరంగా దేన్నో చూస్తున్నట్టు ఫోటో. అతను చూస్తున్నది ఎదురుగా ఉన్న ఎరువుల కొట్టుని. పువ్వులు ముప్ఫైమూడు వేలు వచ్చిపడ్డాయి. డ్యాష్‌బోర్డంతా వరిచేలా పచ్చగా ఉంది. నెల రోజుల్లో ఎనిమిది దుప్పట్లు వెళ్ళాయి, మిగతావి అతుకు మీద ఉన్నాయి.

తర్వాత పదిరోజులకు హోటలు వాళ్ళు ఒక వీడియో పంపించారు. ఒక దుప్పటిని ఉతికి, ఆరేసి, మంచం మీద పరిచారు. అది పరుచుకోలేదు. వేయించిన అప్పడంలా ఎక్కడికక్కడ లేచిపోయింది. కింద ఒక్క వాక్యం రాశారు. నెల రోజుల్లో సరిగ్గా చేసి పంపండి, లేకపోతే ఇంతటితో సరి. ఈ ఆర్డరు పోతే పదకొండొందల మందికీ పని ఆగిపోతుంది. షెడ్డు బస్సులు రెండు ఊళ్ళలో అప్పటికే అదనంగా ఆగుతున్నాయి.

ఆ మధ్యాహ్నం పైన జరిగిన మీటింగుకు నేనూ వెళ్ళాను, మేడ నాది కదా అని. నలభై మంది ఉన్నారు. మురళీకృష్ణ వీడియో చూపించాడు, డ్యాష్‌బోర్డు చూపించాడు. అన్నీ పచ్చగా ఉంటే ఇదెలా జరిగిందని అడిగాడు. అందరూ శబ్దం చేసే ఫ్యానుకేసి చూశారు. చివరికి, ఫోటోలు సరిచూసే హేమశ్రీ లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల.

"సార్, అవి గంజి పెట్టిన పువ్వులండి."

"అంటే?"

"బిగువు చేతివాళ్ళ పువ్వు నాలుగంగుళాలు రాదు కదండి. ఎర్ర గుర్తు పడుతుంది. అందుకని గంజిలో ముంచి, పీట మీద గుండుసూదులు గుచ్చి సాగదీసి ఆరబెడుతున్నారండి. ఆరాక నాలుగంగుళాలు వస్తుందండి. వదులు చేతివాళ్ళది పెద్దదైపోతుందని వాళ్ళు ఒక వరస తగ్గించేస్తున్నారండి. ఉతికితే గంజి పోతుంది కదండి, ఎవరి పువ్వు వాళ్ళ కొలతకి వెళ్ళిపోతుందండి."

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగు నెలలైందండి. అందరికీ తెలుసండి."

మురళీకృష్ణ టీవీ కట్టేశాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబుదామనే వచ్చానండి. ఆ రోజు మీ పుట్టినరోజండి. తర్వాత వారం కొత్త కారుకి పూజండి. తర్వాత శ్రావణ శుక్రవారం, అమ్మగారు ప్రసాదం పంపించారండి, ఆ రోజేం చెబుతామండి. ఇంకోసారి వచ్చానండి, మీరు అన్నానికి కూర్చోబోతున్నారండి. తినేముందు చెబితే తినరని ఆగానండి. తిన్నాక మీరు కునుకు తీశారండి. తర్వాత అవార్డు వచ్చిందండి." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు అంత సంతోషంగా ఉంటే ఎలా చెబుతామండి?"

విజయ్ పాల్ గారు ఆ రోజు రాలేదు. మర్నాడు ఫోను చేసి, ఇది నేర్చుకోవడానికి గొప్ప అవకాశం అన్నారట. మురళీకృష్ణ ఫోను పెట్టేసి, స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. హేమశ్రీతో చెప్పి బకెట్లు తెప్పించి, మిగిలిన పువ్వుల్లో నాలుగొందలు తనే ఉతికాడు. రెండు రోజులు మా డాబా మీద పాత చీరలు పరిచి ఆరేసి, ఒక్కొక్కటీ పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నేను పైకి వెళ్ళి చూస్తే అతని మొహంలో ఫ్లెక్సీలో ఉన్న మనిషి ఎక్కడా కనిపించలేదు.

"గంజి వదలగొట్టి ఏరితే బాగుపడతాయండి అప్పాజీ గారూ" అన్నాడు. "కానీ మిగిలిన ఇన్ని వేలల్లో చూపుకు తెలియనివే ఎక్కువ. పిన్నిగారు తప్ప ఎవరూ ఏరలేరు. వస్తారంటారా?"

"ఎందుకు రాదండీ" అన్నాను. అది మాత్రం మర్యాదకు అన్నది కాదు.

ఆదివారం షెడ్డుకు సెలవు. మధ్యాహ్నం ఇద్దరం నా స్కూటరు మీద రుస్తుంబాద వెళ్ళాం. అతని ఒళ్ళో ఉతికిన పువ్వుల సంచి. లోవలక్ష్మి వాకిట్లోనే ఉంది. అతన్ని చూడగానే ఆవిడ మొహం విచ్చుకుంది.

"వత్తారని తెలుసండి బాబూ. కూకోండి, మజ్జిగ తెత్తాను."

మజ్జిగ తాగాక మురళీకృష్ణ జరిగిందంతా చెప్పాడు. ఎవరి మీదా నెట్టలేదు. ఆవిడ వింటూనే చెయ్యి చాపింది. "తేండి, చూద్దాం." అప్పుడు చూశాను ఆ చేతుల్ని. వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, గోళ్ళ పక్కన చీలికలు. సంచిలోంచి రెండు పువ్వులు తీసి ఆవిడకిచ్చాడు. ఆవిడ పాత అలవాటు కొద్దీ వాటివైపు చూడలేదు. నావైపు తిరిగి, మీ అమ్మాయికి సంబంధం కుదిరిందాండీ అని అడుగుతూ బొటనవేలుతో రుద్దింది. ఒకసారి రుద్దేది, రెండు మూడుసార్లు రుద్దింది. మొదటి పువ్వు పైకెత్తింది.

"ఇది బిగువు చెయ్యండి. ఔనా?"

కాదు. నాలాంటి ఫ్లెక్సీలవాడికే తెలుస్తోంది. ఉతికాక రెండోదే గోరంత చిన్నగా ఉంది. ఆవిడ నవ్వుతూ అతని మొహంలోకి చూస్తోంది. ఔనండి అనడం ఎంత తేలిక! నా నోట్లో ఆ మాట అప్పటికే తయారుగా ఉంది. అది అనేస్తే ఆవిడ రేపే వస్తుంది, సంతోషంగా మెట్ల మీద కూర్చుంటుంది, మిగిలిన వేల పువ్వులూ తప్పుగా ఏరుతుంది, ఆఫీసులో ఎవరూ కాదనరు.

మురళీకృష్ణ రెండు పువ్వులూ తన చేతిలోకి తీసుకున్నాడు.

"కాదండి పిన్నిగారూ" అన్నాడు. "రెండోది బిగువండి."

ఆవిడ నవ్వు అలాగే ఉండిపోయింది. ఇంకో జత తీసుకుంది. ఈసారి కళ్ళు మూసుకుంది. తప్పు చెప్పింది. అతను మళ్ళీ కాదండి అన్నాడు. మూడో జత ఆవిడ రుద్దలేదు. వాటిని ఒళ్ళో పెట్టుకుని చేతులు కొంగు కింద దాచుకుంది.

"గ్లవుజు ఏసుకుంటే చెయ్యి సాగదండి, కూలి పడదు. ఉత్త చేతుల్తోనే చేశాను" అంది. "మొద్దుబారిందని తెలుసండి. నాలుగు రోజులు ఐసు ముట్టకపోతే వచ్చేత్తాదనుకున్నాను."

"తప్పు నాదండి" అన్నాడు మురళీకృష్ణ. ఏడ్చేశాడు. ఆవిడ అతన్ని ఓదార్చలేదు. నాకు అది నచ్చింది. "మీరెలా కనిపెట్టారండీ?" అని అడిగింది.

"రెండు రోజుల్నించీ నాలుగొందల పువ్వులు పట్టుకుని చూశానండి."

"ఇంకోటి తియ్యండి. బిగువో వదులో చెప్పండి."

"నడిమి అనుకుంటానండి."

"చీటీ మీద పేరెవరిది?"

"పేరుపాలెం, నాగరత్నం."

"కాదు. నాగరత్నానిది వదులు చెయ్యి. మళ్ళీ పట్టుకోండి."

పొద్దు వాలేదాకా అదే పని. అతను వేలితో చెప్పడం, ఆవిడ పేరు అడిగి తప్పో ఒప్పో తేల్చడం. పదకొండొందల మంది చేతులూ ఆవిడకు తెలియవు, మొదటి మూడొందల మందివి తెలుసు. మర్నాడు మురళీకృష్ణ హోటలు వాళ్ళకు ఫోను చేసి, అరవై రావు, ఇరవై రెండే వస్తాయి, అవి మాత్రం ఎన్నిసార్లు ఉతికినా కదలవని చెప్పాడు. వాళ్ళు ఇరవై రెండే తీసుకున్నారు. ఏటా ఆరొందల మాట మళ్ళీ ఎత్తలేదు. మిగతా ఎనిమిది వందల మంది దగ్గరికీ అతనే వెళ్ళి, అరుగు అరుగుకూ కూర్చుని, ఇప్పుడు పని లేదని చెప్పాడు. వాళ్ళలో కొందరు తిట్టారు, చాలామంది బస్సెక్కారు. అందరికీ పని ఇస్తానన్న మనిషి ఆ మాట నిలబెట్టుకోలేకపోయాడు. ఇది మంచిగా ముగిసిందని నేను చెప్పను. కంపెనీ చిన్నదైపోవడాన్ని విజయ్ పాల్ గారు ఏదో ఇంగ్లీషు మాటతో పిలిచి, దాని మీద ఉపన్యాసం ఇమ్మని మురళీకృష్ణను రాజమండ్రి రమ్మన్నారు. ఇతను వెళ్ళలేదు.

ఇప్పుడు లోవలక్ష్మి రోజూ వస్తోంది. షెడ్డు మానేసి ఐదు నెలలైంది. మురళీకృష్ణ ఆవిడ పక్కన మెట్ల మీద కూర్చుని ఏరుతాడు, హేమశ్రీ కూడా నేర్చుకుంటోంది. ఆవిడ పేర్లు చెబుతుంది. భీమవరంలో నరాల డాక్టరు దగ్గరికి రెండుసార్లు తీసుకెళ్ళాడు. ఆయన మందులిచ్చి, చూద్దామన్నాడు.

నిన్న సాయంత్రం మా షాపు కుర్రాడు అందరికీ కాఫీ తెచ్చాడు. స్టీలు గ్లాసులు, పొగలు కక్కుతున్నాయి. నేను జేబురుమాలుతో పట్టుకున్నాను, హేమశ్రీ చున్నీ అడ్డం పెట్టుకుంది. మురళీకృష్ణ పువ్వులు ఏరుతూనే అడిగాడు, వేళ్ళకు ఏమైనా తెలుస్తోందా పిన్నిగారూ అని.

"ఆయ్, చాలా నయమండి బాబూ. బాగా తెలుత్తుంది" అందావిడ.

అతను తలెత్తి చూశాడు. ఆవిడ ఆ గ్లాసును అరచెయ్యంతా ఆనించి, నాలుగు వేళ్ళూ చుట్టి పట్టుకుని ఉంది. పువ్వు పక్కన పెట్టి, ఆవిడ చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసి కింద పెట్టాడు.